విమాన క్యాబిన్ సిబ్బంది తమ యూనియన్ ఒప్పందాన్ని చదివి, వాడుకోవడం ఎలా?

అమెరికాలో గంటల లెక్కన జీతం తీసుకునే ఉద్యోగుల్లో ఎక్కువమంది వారానికి 40 గంటలు దాటి పనిచేస్తే, ఆ అదనపు గంటలకు ఒకటిన్నర రెట్లు చెల్లించాలని 1938 నాటి ఫెయిర్ లేబర్ స్టాండర్డ్స్ చట్టం చెబుతుంది. విమానాల్లో పనిచేసే క్యాబిన్ సిబ్బందికి ఆ ఓవర్‌టైమ్ నిబంధన వర్తించదు. రైల్వేలు, విమాన సంస్థల కార్మిక సంబంధాలను నడిపే రైల్వే లేబర్ చట్టం పరిధిలోకి వచ్చే విమాన సంస్థల ఉద్యోగులను ఫెయిర్ లేబర్ స్టాండర్డ్స్ చట్టమే మినహాయించింది. ఉద్యోగ భద్రత విషయంలోనూ ఇదే పరిస్థితి కనిపిస్తుంది. మోంటానా తప్ప మిగిలిన రాష్ట్రాలన్నింటిలో, వివక్ష వంటి నిషిద్ధ కారణం లేనంతవరకు, యజమాని ఏ కారణమూ చెప్పకుండానే ఉద్యోగిని తొలగించవచ్చన్నది సాధారణ సూత్రం. క్యాబిన్ సిబ్బంది విషయంలో ఈ రెండు లోటులనూ పూడ్చేది యూనియన్ కుదుర్చుకున్న ఒప్పందమే. అదనపు పనికి అదనపు చెల్లింపు, సరైన కారణం లేకుండా తొలగించరాదన్న హామీ, సీనియారిటీ ప్రకారం ట్రిప్పుల కేటాయింపు, రిజర్వ్ రోజుల (కంపెనీ పిలిస్తే డ్యూటీకి రావడానికి సిద్ధంగా ఉండవలసిన రోజుల) పరిమితి అన్నీ అందులోనే ఉంటాయి. ఆ పుస్తకాన్ని తెరవని ఉద్యోగి తన జీతం ఎలా లెక్కకట్టారో కూడా తెలియకుండానే పనిచేస్తున్నట్టు లెక్క.

ఈ మార్గదర్శి ప్రధానంగా అమెరికా విమాన సంస్థల్లో పనిచేస్తున్న వారికోసం రాసినది. హైదరాబాద్ వంటి భారతీయ బేస్‌ల (సిబ్బంది ట్రిప్పులు మొదలయ్యే ఊళ్ల) నుంచి, గల్ఫ్ సంస్థల్లో పనిచేసే తెలుగువారికి వర్తించే తేడాలు చివర ఉన్నాయి.

మొదటి మెట్టు: మీకు వర్తించే పత్రం ఏది?

అమెరికన్ ఎయిర్‌లైన్స్ క్యాబిన్ సిబ్బందికి ఏపీఎఫ్ఏ, సౌత్‌వెస్ట్‌లో టీడబ్ల్యూయూ లోకల్ 556, యునైటెడ్, అలాస్కా సంస్థల్లో ఏఎఫ్ఏ-సీడబ్ల్యూఏ అనే యూనియన్లు ప్రాతినిధ్యం వహిస్తున్నాయి. డెల్టా క్యాబిన్ సిబ్బందికి యూనియన్ లేదు, కంపెనీ విధానపత్రమే వారికి ఆధారం. విమానంలోకి ప్రయాణికులు ఎక్కుతున్న సమయానికి కూడా వేతనం ఇచ్చే పద్ధతిని 2022లో సగం రేటుతో ముందుగా ప్రవేశపెట్టింది ఈ డెల్టాయేనన్న సంగతిని నిజాయితీగా ఒప్పుకోవాలి. 2024 సెప్టెంబరులో అమెరికన్ సిబ్బంది ఆమోదించిన ఒప్పందంలోకి కూడా అటువంటి చెల్లింపు వచ్చింది. తేడా ఎక్కడుందంటే, విధానపత్రంలో ఉన్నదాన్ని కంపెనీ తన నిర్ణయంతోనే మార్చుకోగలదు, ఒప్పందంలో ఉన్నదాన్ని మార్చాలంటే యూనియన్‌తో బేరమాడక తప్పదు.

ఒప్పందం అంటే ముద్రించిన పుస్తకం ఒక్కటే అని అనుకోకూడదు. తరువాతి కాలంలో ఇరుపక్షాలూ సంతకం చేసిన అనుబంధ లేఖలు, పాత వివాదాల్లో ఆర్బిట్రేటర్లు (ఇరుపక్షాల తగాదాను తేల్చే తటస్థ వ్యక్తులు) ఇచ్చిన తీర్పులు, అమలు తేదీల పట్టిక కూడా అందులో భాగంగానే పనిచేస్తాయి. ముఖ్యంగా కొత్తగా ఆమోదం పొందిన ఒప్పందంలో ప్రతి నిబంధనా మొదటి రోజునుంచే అమలులోకి రాదు. షెడ్యూలింగ్ సాఫ్ట్‌వేర్ మార్చవలసిన నిబంధనలకు నెలల వ్యవధి ఇస్తారు. కాబట్టి యూనియన్ వెబ్‌సైటులోని సభ్యుల విభాగం నుంచి తాజా ప్రతిని, దానితోపాటు అమలు పట్టికను దిగుమతి చేసుకుని, నెట్ లేని చోట కూడా తెరుచుకునేలా ఫోనులో ఉంచుకోండి.

చాలామందిని తికమక పెట్టే విషయం ఒకటుంది. 1926లో రైల్వేల కోసం వచ్చి, 1936లో విమానయానానికి విస్తరించిన రైల్వే లేబర్ చట్టం కింద ఒప్పందానికి కాలదోషం పట్టదు. పుస్తకం మీద ఉన్న చివరి తేదీ సవరణలకు తలుపు తెరుచుకునే తేదీ మాత్రమే. 2025 జూలైలో యునైటెడ్ సిబ్బంది తమ ముందుకు వచ్చిన తాత్కాలిక ఒప్పందాన్ని 71 శాతం ఓట్లతో తిరస్కరించినప్పుడు పాత ఒప్పందమే అక్షరం పొల్లుపోకుండా అమలులో కొనసాగింది. “గడువు అయిపోయింది, ఇక ఆ నిబంధన చెల్లదు” అని ఏ పై అధికారి చెప్పినా నమ్మవలసిన పని లేదు.

రెండవ మెట్టు: ఏ వరుసలో చదవాలి?

మొదటి పేజీ నుంచి చివరి పేజీ వరకు వరుసగా చదవాలని కూర్చున్నవారిలో ఎక్కువమంది మధ్యలోనే వదిలేస్తారు. నిర్వచనాల విభాగంతో మొదలుపెట్టడం మంచిది. డ్యూటీ ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసినట్టు లెక్కిస్తారో, ఎగిరిన గంటలకూ జీతానికి లెక్కించే గంటలకూ తేడా ఏమిటో, నెలవారీ కనీస హామీ దేనిమీద ఆధారపడుతుందో అక్కడే తేలుతుంది. ఇది తెలియకుండా జీతాల పట్టిక చూస్తే అంకెలు కనిపిస్తాయి తప్ప అర్థం తెలియదు.

ఆ తరువాత చదవవలసింది, నా అభిప్రాయంలో, జీతాల విభాగం కాదు, గ్రీవెన్స్ (ఒప్పంద ఉల్లంఘన మీద వేసే అధికారిక ఫిర్యాదు), క్రమశిక్షణ విభాగాలు. ఎందుకంటే మిగిలిన విభాగాలన్నీ ఏం దక్కాలో చెబుతాయి, దక్కనప్పుడు ఎన్ని రోజుల్లో, ఎవరికి, ఏ రూపంలో అడగాలో చెప్పేవి ఇవి మాత్రమే. వాటి తరువాత షెడ్యూలింగ్, రిజర్వ్ విభాగాలకు వెళ్లండి. ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాల్లో ఎక్కువమంది రిజర్వ్‌లో ఉంటారు కాబట్టి ఎన్ని గంటల ముందు పిలవాలి, ఎంతసేపట్లో ఫోనుకు బదులివ్వాలి, సెలవు రోజును కంపెనీ ఎప్పుడు కదపవచ్చు అన్నవి రోజూ ఎదురయ్యే ప్రశ్నలు. సిక్ లీవ్, సీనియారిటీ, బదిలీ విభాగాలను అవసరాన్ని బట్టి చూసుకోవచ్చు. ఢిల్లీ వంటి మార్గాల్లో హిందీ అర్హతతో పనిచేసే తెలుగువారు భాషా అర్హతకు సంబంధించిన చెల్లింపు, కేటాయింపు నియమాలను విడిగా చదువుకోవాలి, ఎందుకంటే ఆ అర్హత అదనపు డబ్బుతోపాటు కొన్ని ట్రిప్పుల్లో తప్పనిసరి కేటాయింపును కూడా తెచ్చిపెట్టవచ్చు.

చదువుతున్నప్పుడు ప్రతి వాక్యం దగ్గర ఆగి ఒక ప్రశ్న వేసుకోండి: ఈ వాక్యం కంపెనీని కట్టడి చేస్తోందా, లేక కంపెనీకి వెసులుబాటు ఇస్తోందా? “సాధ్యమైనంతవరకు”, “కార్యకలాపాల అవసరాన్ని బట్టి” అన్న మాటలు చేరిన నిబంధన మీద గ్రీవెన్స్ గెలవడం కష్టం. మినహాయింపులు తరచుగా అదే పేజీలో ఉండవు, మరో విభాగంలో ఉంటాయి. ఒక నిబంధన మీకు అనుకూలంగా కనిపించినప్పుడు దాన్ని సవరించే అనుబంధ లేఖ ఏమైనా ఉందేమో వెతికాకే నమ్మండి.

మూడవ మెట్టు: చట్టం, ఒప్పందం, కంపెనీ విధానం అనే మూడు పొరలను విడదీయడం

ఈ మెట్టు దగ్గర పొరబడితే ఉద్యోగానికే ముప్పు రావచ్చు కాబట్టి కొంత వివరంగా చెప్పుకుందాం.

అడుగున ఉన్న పొర ఫెడరల్, అంటే అమెరికా కేంద్ర ప్రభుత్వ నిబంధనలది. సీట్ల సంఖ్య 9 దాటి 50 వరకు ఉన్న విమానంలో కనీసం ఒకరు, 51 నుంచి 100 వరకు ఇద్దరు, ఆపై ప్రతి 50 సీట్లకు లేదా అందులో భాగానికి మరొకరు చొప్పున క్యాబిన్ సిబ్బంది ఉండాలి. 14 గంటలు లేదా అంతకు తక్కువగా షెడ్యూల్ చేసిన డ్యూటీ తరువాత కనీసం 10 గంటల నిరంతర విశ్రాంతి ఇవ్వాలి. ఇది ఒకప్పుడు 9 గంటలు ఉండేది, దాన్ని కూడా 8కి తగ్గించే వీలుండేది. కాంగ్రెస్ 2018లో చట్టం చేసినా, విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ తుది నిబంధన 2022 అక్టోబరులో గానీ రాలేదు, సంస్థలు దాన్ని పాటించవలసిన గడువు 2023 జనవరి 10. ఈ కనీస విశ్రాంతిని కంపెనీ తగ్గించడానికీ, మీరు ఇష్టపూర్వకంగా వదులుకోవడానికీ వీల్లేదు.

దాని మీద ఉన్న పొర ఒప్పందం. చట్టం 10 గంటలంటే, బేస్‌లో లేదా సుదూర అంతర్జాతీయ ట్రిప్పు తరువాత అంతకన్నా ఎక్కువ విశ్రాంతిని ఒప్పందం ఇవ్వవచ్చు. చట్టం ముగ్గురు సిబ్బంది చాలన్న విమానంలో నలుగురు ఉండాలని కోరవచ్చు. పై పొర కంపెనీ విధానం. యూనిఫారం, సోషల్ మీడియా, హాజరు పాయింట్ల (గైర్హాజరుకు వేసే ప్రతికూల మార్కుల) వంటివి సాధారణంగా ఇక్కడికి వస్తాయి, అవి ఒప్పందానికి విరుద్ధంగా ఉంటే ఒప్పందమే నిలుస్తుంది.

ఈ విభజన ఎందుకు ముఖ్యమంటే, ఉల్లంఘన ఏ పొరలో జరిగిందన్నదాన్ని బట్టి మీరు చేయవలసిన పని పూర్తిగా మారిపోతుంది. షెడ్యూలింగ్ నుంచి ఫోను చేసి, 10 గంటల విశ్రాంతి పూర్తికాకముందే డ్యూటీకి రమ్మంటే అది చట్టవిరుద్ధం, ఆ సంగతి స్పష్టంగా చెప్పి నిరాకరించాలి. అదే 10 గంటలు పూర్తయి, ఒప్పందం ప్రకారం రావలసిన అదనపు గంటలు మాత్రం దక్కకపోతే, అభ్యంతరం తెలిపి డ్యూటీకి వెళ్లి, తరువాత గ్రీవెన్స్ వేయాలి. “ముందు పాటించు, తరువాత ఫిర్యాదు చెయ్యి” అన్నది అమెరికా కార్మిక వివాదాల్లో ఆర్బిట్రేటర్లు దశాబ్దాలుగా అనుసరిస్తున్న సూత్రం. ఆదేశం చట్టవిరుద్ధమైనా, ప్రాణాపాయం కలిగించేదైనా మాత్రమే మినహాయింపు. ఒప్పందంలోని విభాగం సంఖ్యతో సహా మీదే న్యాయమైనా, పని నిరాకరించిన క్షణంలో వివాదం విశ్రాంతి గంటల గురించి కాక మీ అవిధేయత గురించి మారిపోతుంది. గెలవవలసిన కేసును చాలామంది పోగొట్టుకునేది ఇక్కడే.

ఫోనులో మాట్లాడేటప్పుడు వాదన అవసరం లేదు. ఈ కేటాయింపు ఒప్పందంలోని ఫలానా విభాగానికి విరుద్ధమని భావిస్తున్నాననీ, అభ్యంతరంతోనే డ్యూటీకి వస్తున్నాననీ, ఈ మాట రికార్డులో నమోదు చేయాలనీ మూడు ముక్కల్లో చెబితే చాలు. సందేహం ఉంటే పై అధికారిని లైనులోకి పిలవమని మర్యాదగా కోరండి, ఆ తరువాత యూనియన్ షెడ్యూలింగ్ కమిటీకి ఫోను చేయండి.

నాలుగవ మెట్టు: ఆధారాలు అప్పటికప్పుడే దాచుకోవడం

షెడ్యూల్ మారకముందు ఒకటి, మారిన తరువాత ఒకటి స్క్రీన్‌షాట్ తీసుకోండి. కంప్యూటర్‌లో పాత రూపం చెరిగిపోతే మీ మాటకు సాక్ష్యం ఉండదు. ఫోను వచ్చిన సమయం, మాట్లాడిన వ్యక్తి పేరు లేదా ఉద్యోగి సంఖ్య, విమానం సంఖ్య, తలుపు మూసిన సమయం, హోటల్ గదిలోకి చేరిన సమయం ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి. షెడ్యూలింగ్ ఫోన్లను చాలా సంస్థలు రికార్డు చేస్తాయి, కానీ శాశ్వతంగా ఉంచవు, కాబట్టి ఆ రికార్డింగును భద్రపరచమని యూనియన్ ద్వారా వెంటనే కోరడం మంచిది. జీతపు చీటీని నెల నెలా మీ సొంత లెక్కతో పోల్చి చూసే అలవాటు అన్నిటికన్నా ఎక్కువ డబ్బు రాబడుతుంది. రీఅసైన్‌మెంట్ (ట్రిప్పు మార్చినప్పటి) చెల్లింపు, డెడ్‌హెడ్ గంటలు (డ్యూటీలో భాగంగా ప్రయాణికుడిలా కూర్చుని వెళ్లే సమయం), భోజన భత్యం వంటి చోట్ల తేడాలు ఎవరూ వెతకకపోతే అలాగే మిగిలిపోతాయి. ప్రయాణికుల వీడియోలను, ఇతర ఉద్యోగుల వ్యక్తిగత సమాచారాన్ని మాత్రం ఆధారం పేరుతో ఫోనులో పోగుచేయకండి, అది మరో క్రమశిక్షణ కేసుకు దారి తీస్తుంది.

ఐదవ మెట్టు: మేనేజరు పిలిచినప్పుడు

1975లో వైన్‌గార్టెన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, క్రమశిక్షణ చర్యకు దారితీయగల విచారణలో యూనియన్ ప్రతినిధిని వెంట తెచ్చుకునే హక్కు ఉద్యోగికి ఉందని చెప్పింది. ఈ తీర్పు పేరు విన్నవారు చాలామందే ఉన్నారు గానీ, అది నేషనల్ లేబర్ రిలేషన్స్ చట్టం మీద ఆధారపడినదనీ, విమాన సంస్థల ఉద్యోగులు ఆ చట్టం పరిధిలో లేరనీ తెలిసినవారు తక్కువ. క్యాబిన్ సిబ్బందికి ఈ హక్కు తీర్పు నుంచి కాక తమ ఒప్పందంలోని నిబంధన నుంచి వస్తుంది కాబట్టి ఆ నిబంధన మాటలు ముందే తెలిసి ఉండాలి. ప్రతినిధిని కంపెనీయే పిలవాలా, మీరు అడిగితేనే ఇస్తారా, ఎన్ని గంటల ముందు నోటీసు ఇవ్వాలి అన్నవి సంస్థను బట్టి మారతాయి.

మాటల మధ్యలో “ఒక చిన్న సంగతి మాట్లాడాలి” అని గేటు దగ్గర ఆపినా సరే, ఈ సంభాషణ క్రమశిక్షణ చర్యకు దారితీయవచ్చా అని మొదట అడగండి. అవునన్నా, తెలియదన్నా ప్రతినిధి వచ్చేవరకు ఆగుతానని చెప్పండి. లేచి వెళ్లిపోకండి, అబద్ధం చెప్పకండి, అక్కడికక్కడే రాతపూర్వక వివరణ ఇవ్వకండి. చిన్న తప్పును దాచడానికి చెప్పిన అబద్ధం, ఆ తప్పుకన్నా పెద్ద కారణంగా తొలగింపు ఉత్తరంలో కనిపిస్తుంది. మత్తుపదార్థాలు, మద్యం పరీక్షకు పిలిస్తే మాత్రం ప్రతినిధి కోసం ఆగుతూ ఆలస్యం చేయకూడదు. ఫెడరల్ నిబంధనల ప్రకారం పరీక్షకు నిరాకరించడమే ఉల్లంఘన.

ప్రొబేషన్‌లో ఉన్నవారికి ఒక హెచ్చరిక. “సరైన కారణం” రక్షణ, తొలగింపు మీద గ్రీవెన్స్ వేసే హక్కు సాధారణంగా ప్రొబేషన్ ముగిశాకే వస్తాయి. జీతం, షెడ్యూలింగ్ నిబంధనలు ఆ కాలంలోనూ వర్తిస్తాయి గానీ, వాటిని యూనియన్ ప్రతినిధి ద్వారా లేవనెత్తడమే వివేకం.

ఆరవ మెట్టు: గ్రీవెన్స్ వేయడం

ఒప్పందం అర్థం మీద వచ్చే ప్రతి తగాదానూ రైల్వే లేబర్ చట్ట పరిభాషలో “చిన్న వివాదం” అంటారు. తొలగింపుకు గురై ఇంటి అద్దె కట్టలేని స్థితిలో ఉన్న మనిషికి ఆ పేరు వెటకారంగా వినిపించవచ్చు, కానీ దాని ఫలితం తీవ్రమైనది. చిన్న వివాదం మీద సమ్మె చేయరాదు, మామూలు కోర్టు కూడా దాన్ని విచారణకు తీసుకోదు. గ్రీవెన్స్, ఆ తరువాత సిస్టమ్ బోర్డ్ ఆఫ్ అడ్జస్ట్‌మెంట్, అంతే దారి. ఈ దారిలో గడువు దాటితే మరో తలుపు ఉండదు.

కాబట్టి మొదట చూడవలసింది గడువు. అది ఘటన జరిగిన రోజు నుంచా, మీకు తెలిసిన రోజు నుంచా, క్యాలెండర్ రోజులా, పనిదినాలా అన్నది మీ ఒప్పందంలో చూసుకుని, సగం గడువులోనే దాఖలు చేయండి. మేనేజరుతో మౌఖిక చర్చ జరుగుతోంది కదా అని ఆగిపోకండి, రాతలో పొడిగింపు లేకపోతే గడియారం తిరుగుతూనే ఉంటుంది. ఫిర్యాదులో జరిగినది తేదీలతో రెండు పేరాల్లో రాసి, ఉల్లంఘించిన విభాగాలను పేర్కొని, “ఇంకా వర్తించే ఇతర నిబంధనలు” అన్న మాట చేర్చి, కోరుతున్న పరిహారం స్పష్టంగా చెప్పండి: ఇన్ని గంటల జీతం, ఫైలు నుంచి ఉత్తరం తొలగింపు, ఉద్యోగంలోకి తిరిగి తీసుకోవడం. ఆవేశం, మేనేజరు స్వభావ వర్ణన అక్కర్లేదు.

కింది దశల్లో పరిష్కారం దొరకకపోతే కేసు సిస్టమ్ బోర్డుకు వెళ్తుంది. అందులో కంపెనీ, యూనియన్ నియమించిన సభ్యులు సమాన సంఖ్యలో ఉంటారు, వారు ఏకాభిప్రాయానికి రాకపోతే తటస్థ ఆర్బిట్రేటర్ తేలుస్తారు. ఆ తీర్పు అంతిమం, దాన్ని కోర్టులు అతి పరిమిత కారణాల మీద తప్ప తాకవు.

ప్రతి కేసునూ యూనియన్ చివరివరకు తీసుకువెళ్లాలన్న నియమం లేదు. బలహీనమైన కేసులో ఓడితే వచ్చే తీర్పు వేలమంది సభ్యులకు ప్రతికూల పూర్వోదాహరణ అవుతుంది కాబట్టి నిరాకరించే అధికారం వారికి ఉంది. కానీ పక్షపాతంతోనో, నిర్హేతుకంగానో, దురుద్దేశంతోనో నిరాకరించకూడదు. ఈ న్యాయమైన ప్రాతినిధ్య బాధ్యత పుట్టింది రైల్వే కేసులోనే. రైలింజన్లలో పనిచేసే నల్లజాతి ఫైర్‌మన్‌లను సభ్యులుగా చేర్చుకోకుండా, వారి ఉద్యోగాలనే హరించే ఒప్పందం చేసుకున్న యూనియన్ మీద అలబామాలో స్టీల్ అనే ఫైర్‌మన్ వేసిన దావాలో 1944లో సుప్రీంకోర్టు దీన్ని నిర్ధారించింది. యూనియన్ మీద అటువంటి దావా వేయడానికి సాధారణ గడువు ఆరు నెలలు.

తనకు పోయింది రెండు గంటల జీతమే కదా అని వదిలేయడం సహజం. అయితే ఒక ఉల్లంఘన ఏళ్ల తరబడి అభ్యంతరం లేకుండా సాగితే, అదే ఇరుపక్షాలూ అంగీకరించిన ఆచారమని రేపు కంపెనీ ఆర్బిట్రేటర్ ముందు వాదించగలదు. చిన్న మొత్తాల మీద వేసే ఫిర్యాదులకు అసలు విలువ అక్కడుంది.

ఏడవ మెట్టు: ఒప్పందం బయట నడిచే గడియారాలు

గ్రీవెన్స్ వేసినంత మాత్రాన చట్టపరమైన ఇతర గడువులు ఆగవు. భద్రతా లోపాన్ని బయటపెట్టినందుకు వేధిస్తే ఎయిర్21 చట్టం కింద ఓషాకు (కార్మిక భద్రతను చూసే ఫెడరల్ సంస్థకు) 90 రోజుల్లో ఫిర్యాదు చేయాలి. లింగం, జాతి, మతం వంటి వివక్ష మీద ఉద్యోగాల్లో వివక్ష ఫిర్యాదులు తీసుకునే ఫెడరల్ కమిషన్ ఈఈఓసీ గడువు 180 రోజులు, రాష్ట్ర స్థాయి సంస్థ ఉన్నచోట 300 రోజులు. పొరపాటున నిబంధన ఉల్లంఘన జరిగితే నాసా నడిపే విమాన భద్రతా నివేదికల వ్యవస్థ ఏఎస్ఆర్ఎస్‌కు 10 రోజుల్లో నివేదించినవారికి ఎఫ్ఏఏ జరిమానా నుంచి షరతులతో కూడిన మినహాయింపు దొరుకుతుంది. కుటుంబ, వైద్య సెలవుకు సాధారణ ఉద్యోగికి ఏడాదిలో 1,250 గంటల పని కావాలి, విమాన సిబ్బంది గంటల లెక్క వేరు కాబట్టి 2009 సవరణ వారికి ప్రత్యేక కొలమానం పెట్టింది: గడిచిన 12 నెలల్లో 504 గంటలు, దానితోపాటు వర్తించే నెలవారీ హామీలో కనీసం 60 శాతం. అర్హులకు 72 రోజుల వరకు సెలవు లభిస్తుంది. హాజరు పాయింట్లు వేయకుండా కాపాడేది చాలాసార్లు ఈ సెలవే.

ఎనిమిదవ మెట్టు: కొత్త ఒప్పందం కోసం చర్చలు నడుస్తున్నప్పుడు

ఒప్పందాన్ని సవరించే వివాదం “పెద్ద వివాదం”. ఫెడరల్ సంస్థ అయిన నేషనల్ మీడియేషన్ బోర్డ్ మధ్యవర్తిత్వం విఫలమై, ఆర్బిట్రేషన్ ప్రతిపాదన తిరస్కరణకు గురై, 30 రోజుల విరామం పూర్తయ్యేవరకు సమ్మె చేయడానికి వీల్లేదు. ఈ నిరీక్షణ సంవత్సరాలు పట్టవచ్చు, అంతవరకు సమూహంగా సిక్ పెట్టడం, కలిసికట్టుగా అదనపు ట్రిప్పులు మానేయడం కూడా కోర్టు నిషేధానికి లోనవుతాయి. 1999లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు మూకుమ్మడి సిక్ లీవ్ విషయంలో కోర్టు ఉత్తర్వును పాటించనందుకు వారి యూనియన్ మీద 4.5 కోట్ల డాలర్లకు పైగా జరిమానా పడింది. కాబట్టి వాట్సాప్ గుంపులో వచ్చే పిలుపుకన్నా యూనియన్ అధికారిక ప్రకటననే నమ్మండి.

హైదరాబాద్ నుంచి, గల్ఫ్ నుంచి పనిచేసేవారికి

భారతదేశంలో విమానయాన కార్మిక వివాదాలు కేంద్ర ప్రభుత్వ పరిధిలోకి వస్తాయి, అందువల్ల శంషాబాద్ బేస్ ఉద్యోగి వెళ్లవలసింది రాష్ట్ర కార్మిక శాఖకు కాదు, కేంద్ర కార్మిక కమిషనర్ యంత్రాంగానికి. 2024 మేలో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ క్యాబిన్ సిబ్బంది మూకుమ్మడిగా సిక్ లీవ్ పెట్టినప్పుడు విమానాలు రద్దయి, 25 మందిని తొలగించారు. ఢిల్లీలో కార్మిక కమిషనర్ సమక్షంలో జరిగిన రాజీ చర్చల్లోనే వారిని తిరిగి తీసుకోవడానికి సంస్థ అంగీకరించింది. 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం, 50 శాతం లేదా అంతకన్నా ఎక్కువమంది ఒకే రోజు కూడబలుక్కుని క్యాజువల్ లీవ్ పెడితే అది సమ్మె కిందికే వస్తుంది, సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు తప్పనిసరి.

చాలా ప్రైవేటు సంస్థల్లో క్యాబిన్ సిబ్బందికి యూనియన్ ఒప్పందం లేదు కాబట్టి నియామక పత్రం, అందులోని శిక్షణ బాండు షరతులు, భారత విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పెట్టిన డ్యూటీ, విశ్రాంతి నిబంధనలే చదవవలసిన పుస్తకం. 20 మంది లేదా అంతకుమించి పనిచేసే సంస్థలో ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలని కోడ్ చెబుతుంది. ఘటన జరిగిన ఏడాదిలోగా దానికి దరఖాస్తు చేసుకోవచ్చు, తీర్మానం నచ్చకపోతే 60 రోజుల్లో యూనియన్ ద్వారా రాజీ అధికారిని ఆశ్రయించవచ్చు. యుఎఇలో కార్మిక సంఘాలకు అనుమతి లేనందున అక్కడి విమాన సంస్థల్లో పనిచేసేవారు సంతకం చేసిన ప్రతి పత్రం నకలును దేశం వదలకముందే ఇంట్లో ఒకరి దగ్గర ఉంచాలి. వివాదం వస్తే అక్కడి ప్రభుత్వ మానవ వనరుల మంత్రిత్వ శాఖ ముందు చూపించవలసినవి ఆ పత్రాలే.